ప్రకటన అడగొద్దు, పేపరు అడుగుదాం



పోయిన నెల కూటం చివర్లో వచ్చిన ఒక మాట గురించి రాస్తున్నాను. అప్పటికే పొద్దుపోయింది, టిఫిను పొట్లాలు పంచడం మొదలైంది, ఎవరూ నింపాదిగా మాట్లాడలేదు. మన సంఘం నెలనెలా వేసే నాలుగు పేజీల లేఖను వారపత్రికగా రిజిస్టరు చేయించి, సర్కారు ప్రకటనలకు అర్జీ పెడదాం, ఆ డబ్బుతో పత్రిక నడుస్తుంది, మిగిలింది తెలుగు తరగతులకు వాడుకోవచ్చు అని కోశాధికారి అన్నగారు అన్నారు. చాలామంది చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకో రెండు మాటల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపికున్నవాళ్లు చదవండి.

అన్నగారి ఉద్దేశం మంచిదే. చిన్న పత్రికలకు, ఊరి రేడియోలకు సర్కారు సాయం చెయ్యాల్సిందే అనేవాణ్ణే నేనూ. మన సంగతే చూడండి. తిరుత్తణి, పళ్లిపట్టు, అరక్కోణం వైపు మనవాళ్లు ఎన్ని తరాలుగా ఉన్నారు? తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండింది. మనం ఎక్కడికీ వలస రాలేదు, సరిహద్దే మన ఇంటి మీదుగా నడిచి అవతలికి పోయింది. అయినా ఇవాళ మన బడిలో తెలుగు అయ్యవారి పోస్టు ఖాళీ అయితే ఏ పేపరులో వస్తుంది? హైదరాబాదు నుంచి వచ్చే తెలుగు పేపరుకు మనం వేరే రాష్ట్రం. చెన్నై నుంచి వచ్చే తమిళ పేపరుకు మనం వేరే భాష. పోస్టు ఖాళీ అయిందని తెలిసేలోపల పిల్లకాయలను పక్క సెక్షన్‌కు మార్చేసి ఉంటారు. రెండేళ్లు పోయాక తెలుగు సెక్షనే లేదంటారు. మన వార్త రాసేవాళ్లు లేకపోవడమంటే ఇదీ నష్టం. ఇందులో అన్నగారికీ నాకూ తేడా లేదు. తేడా అంతా ఆ సాయం ఏ దారిన రావాలన్న దగ్గరే.

ప్రకటనల దారి ఎట్లా ఉంటుందో ముందు చూద్దాం.

కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు ఇచ్చే ఆఫీసును మనం ఇంకా డీఏవీపీ అనే అంటాం. 2017లో దాన్ని వేరే విభాగాలతో కలిపేశారు, ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ అని పేరు. దాని జాబితాలో ఉన్న పత్రికలకే ప్రకటనలు పోతాయి. 25,000 కాపీల లోపుది చిన్న పత్రిక, 75,000 దాకా మధ్య రకం, ఆపైన పెద్దది. జాబితాలో చేరాలంటే కనీసం 2,000 కాపీల సర్క్యులేషన్ ఉండాలి, మూడేళ్లు ఆగకుండా వచ్చి ఉండాలి. మన లేఖ 300 కాపీలు. అందులో నలభై మా ఇంటి బీరువాలోనే ఉంటాయి.

2016లో వచ్చిన విధానంలో మార్కులు కూడా పెట్టారు. ఉద్యోగులకు పీఎఫ్ కడుతుంటే 20 మార్కులు, పేజీలకు 20, వార్తా సంస్థకు చందా కడుతుంటే 15, సొంత ప్రెస్సు ఉంటే 10, ఇట్లా. మన లేఖ పేజీలు సర్దేది నేను, మడతపెట్టి కవర్లలో దూర్చేది సంఘం ఆడవాళ్లు, పంచేది సైకిలున్నవాడు. పీఎఫ్ ఎవరికి కట్టాలి?

ఇక్కడ ఒక విషయం మీరందరూ గమనించాలి. ఆ విధానంలోనే కొన్ని భాషల పత్రికలకు సడలింపులున్నాయి. సంస్కృతం, సింధీ, ఉర్దూ, కొంకణి, మైథిలి, సంతాలీ, గిరిజన భాషలు, ఇంకా కొన్ని. వాటికి ఇవ్వడం న్యాయమే, నాకేమీ కడుపుమంట లేదు. ఆ వరసలో తెలుగు ఉండదు, ఎందుకంటే తెలుగు కోట్లమంది భాష. బెజవాడలో తెలుగు పత్రికకు 2,000 కాపీలంటే ఒక పేట చాలు. తిరుత్తణిలో తెలుగు పత్రికకు 2,000 కాపీలంటే జిల్లా అంతా తిరగాలి. రెండింటికీ ఒకే కొలకర్ర. విధానం రాసినవాళ్లు భాషను చూశారు, ఆ భాష ఏ ఊళ్లో నిలబడి ఉందో చూడలేదు. హోసూరులో తెలుగు, బళ్లారిలో తెలుగు, బరంపురంలో తెలుగు, అందరిదీ ఇదే అవస్థ. మాతృరాష్ట్రం బయట వచ్చే పత్రికకు కూడా ఆ సడలింపు ఇవ్వండి అని అడగడంలో తప్పేమీ లేదు. ఇది మనమొక్కరం రాస్తే వినరు, మూడు నాలుగు రాష్ట్రాల సంఘాలు కలిసి రాయాలి.

అయితే ఆ సడలింపు వచ్చినా మనం ప్రకటనల మీద బతకకూడదనే నా పట్టు. కారణం చెప్తాను. ఇది పుస్తకాల్లో చదివింది కాదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో కొన్నేళ్లు ప్రకటనల బిల్లుల ఫైలు నా టేబుల్ మీదే ఉండేది. చిన్న పత్రికలవాళ్లు వచ్చేవాళ్లు. చొక్కా జేబులో పెన్ను, చంకలో పాత సంచికల కట్ట. టెండరు ప్రకటన అచ్చేసిన పేజీ, దాంతోపాటు బిల్లు. బిల్లు పాసయ్యేందుకు నెలలు పట్టేది. వాళ్లలో ఒక పెద్దాయన క్వార్టర్సులో కారే కప్పుల గురించి, తాగునీళ్ల గురించి చక్కగా రాసేవాడు. మా కాలనీ ఆడవాళ్లు ఆయన పేపరు కోసం ఎదురుచూసేవాళ్లు. ఒకసారి అట్లాంటి వార్త వచ్చాక ఆయన బిల్లు పైకి పోయి అక్కడే కూర్చుంది. ఎవరూ ఆయన్ను పిలిచి ఒక్క మాట అనలేదు. ఫైలు మీద ఏ రాతా లేదు. ఆయనే అర్థం చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ పేపరులో కప్పులు కారలేదు. అధికారుల రిటైర్మెంటు సన్మానాల ఫోటోలు మాత్రం వచ్చేవి. కాలనీలో ఆ పేపరు కొనేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు, ఇంట్లో పెళ్లీడు కూతుళ్లు ఇద్దరు.

ఆ టెండరు ప్రకటనలూ ఇప్పుడు మునుపట్లా లేవు. రైల్వే టెండర్లు ఆన్‌లైన్‌లోకి, ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటుకు పోయాయి. దాన్నే నమ్ముకున్న చిన్న పత్రికలు ఎన్ని నిలిచాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. ఇంకొన్ని పత్రికలు వేరే దారి పట్టాయి. బిల్లుతో పెట్టడానికి కావలసినన్ని కాపీలే అచ్చేస్తారు, వేలల్లో సర్క్యులేషన్ చూపిస్తారు. చదివేవాడు ఒక్కడూ ఉండడు, పత్రిక మాత్రం ఉంటుంది. అన్నగారూ, 2,000 చూపించాలన్న ఆత్రంలో మన లేఖ అట్లా అయిపోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడున్న 300లో 260 నిజంగా చదువుతారు.

సరే, పత్రికకు కాకుండా చదివేవాడి చేతికే డబ్బు ఇస్తే? అది మేలే, కానీ దాంట్లోనూ చూసుకోవాల్సింది ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తామంది. ఆ డబ్బంతా అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షికే చేరేట్టు చేశారని ఈనాడు యాజమాన్యం కోర్టుకు పోయింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు మార్చింది. ఏ పార్టీ, ఏ పత్రిక అన్నది ఈ కూటంలో మనకు అక్కర్లేని గొడవ. మనవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. డబ్బు పాఠకుడి పేరు మీద వచ్చినా, ఏ పేపరో పైనుంచి తేల్చేట్టయితే ముడి మళ్లీ అక్కడే పడుతుందని చెప్పడానికే ఇది గుర్తుచేశాను.

మన పూర్వీకులు ఎట్లా నడిపారో కొంచెం తలుచుకుందాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. సర్కారు ఇచ్చింది ఏమీ లేదు, పైగా అప్పటి ప్రెస్ చట్టం ధరావత్తు కట్టమని మెడ మీద కూర్చునేది. పంతులుగారి బలం అమృతాంజనం. తలనొప్పి మందు అమ్మి పత్రిక పోషించారు. ఆంధ్రప్రభ 1938లో పుట్టింది మద్రాసులోనే. భారతి మద్రాసే. 1947 జూలైలో చందమామ తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ వచ్చింది మద్రాసు నుంచే. నాకు తెలుగు అక్షరాలు బడి నేర్పలేదు, నాది మొదట్నుంచీ తమిళ మీడియం. పక్కింటివాళ్ల అంబులిమామ, మా మేనమామ తెచ్చే చందమామ, రెండూ నేల మీద పక్కపక్కన పరుచుకుని అదే బొమ్మ, అదే కథ అని పోల్చుకుంటూ కూడబలుక్కున్నాను. ఇంట్లోకి అచ్చు కాయితం రావడం వల్లనే ఇవాళ మీకు ఇది రాయగలుగుతున్నాను.

అమృతాంజనం లాంటిది మన సంఘం దగ్గర లేదు. అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మనం కట్టే డబ్బు ఒకటుంది, దాని మాటే ఎవరూ ఎత్తరు.

ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో నూలగ వరి అని ఒక పద్దు ఉంటుంది. గ్రంథాలయ పన్ను. 1948 మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద వసూలు చేసేది. స్వతంత్రం వచ్చాక దేశంలో మొట్టమొదటి గ్రంథాలయ చట్టం అదే, దాని వెనక ఎస్.ఆర్. రంగనాథన్‌గారి చెయ్యి ఉంది. ఇప్పుడు ఆ సెస్సు ఇంటిపన్నులో రూపాయికి పది పైసలు. 2,000 రూపాయల ఇంటిపన్ను కట్టే ఇల్లు 200 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టు. 2022లో ఇంటిపన్ను పెంచినప్పుడు ఇదీ దాంతోపాటే పెరిగింది. మన సంఘంలో 180 కుటుంబాలు. అందరికీ సొంతిల్లు లేదు, నూరు ఇళ్లనుకోండి. తలకు 200 వేసుకున్నా సంవత్సరానికి 20,000. అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మనం కట్టిందే.

మన శాఖా గ్రంథాలయంలో తెలుగు దినపత్రిక ఉందా? నేను వారానికి నాలుగు రోజులు పోతాను. లేదు. తెలుగు వారపత్రిక లేదు. తెలుగు పుస్తకాలు ఒక బీరువాలో కింది అరలో ఉన్నాయి, తాళం చెవి ఎవరి దగ్గరుందో చూసి చెప్తామన్నారు. అడిగితే ఆ గ్రంథపాలకుడు మర్యాదగానే చెప్పాడు: అయ్యా, అడిగేవాళ్లు లేరు, అడిగితే పైకి రాస్తాను అని. ఆయన తప్పేముంది? మనం ఎప్పుడు అడిగాం? మనవాళ్లు కౌన్సిలర్ దగ్గరికి కల్యాణమండపం కోసం పోయారు, విగ్రహం కోసం పోయారు. పేపరు కోసం ఒక్కరూ పోలేదు.

సర్కారు చిన్న పత్రికకు చేసే సాయాలన్నింటిలోకీ ఇది నాకు శుభ్రమైనదిగా కనిపిస్తుంది. గ్రంథాలయం చందా కడుతుంది, పేపరు వస్తుంది, పదిమంది చదువుతారు. సంవత్సరం చందా ముందే కట్టేస్తారు కాబట్టి ఒక వార్త నచ్చలేదని మధ్యలో బిల్లు ఆపడానికి వీలుండదు. ఏ పత్రిక కావాలో అక్కడ చదివేవాళ్లు సంతకాలు పెట్టి అడుగుతారు, రెండు రకాలు అడుగుతాం, ఎవరి రుచి వాళ్లది. జిల్లాలో తెలుగువాళ్లున్న శాఖలన్నీ కొంటే ఏదైనా పత్రిక మన వైపు విలేకరిని పెట్టాలా అని ఆలోచిస్తుంది. రేపు మన లేఖే నిజంగా పత్రిక అయితే దానికీ అదే చందా అడగొచ్చు. పోస్టల్ రాయితీ లాంటివి కూడా ఈ కోవలోవే. రిజిస్టరైన పత్రిక యాభై గ్రాముల్లోపు ఉంటే 25 పైసల స్టాంపుతో ఊరు దాటి వచ్చేది. ఆ రాయితీ ఇచ్చిన ప్రభుత్వం లోపల ఏం రాశారని అడగలేదు.

పిల్లకాయలు తెలుగు చదవరు కదా, పేపరు వేయించి ఏం లాభం అని ఒక తమ్ముడు అన్నాడు. 2006 చట్టం వచ్చినప్పట్నుంచి బడిలో తమిళం తప్పనిసరి, మాతృభాష వెనకబడిన మాట నిజం. తమిళం మీద నాకు ఫిర్యాదు లేదు, నాకు చదువు చెప్పిన భాష. అయితే బడిలో జాగా తగ్గినప్పుడే బయట జాగా కావాలి. పేపరు అనేది సినిమా బొమ్మ ఉండే కాయితం, క్రికెట్ స్కోరు ఉండే కాయితం. నేను చందమామతో నేర్చుకున్నాను, ఇప్పటి కుర్రాడు ఐపీఎల్ పేజీతో నేర్చుకుంటాడేమో.

రేడియో సంగతి క్లుప్తంగా చెప్తాను. సొంత కమ్యూనిటీ రేడియో పెడదామని ఇంకొందరు అంటున్నారు. చట్టప్రకారం అడ్డం లేదు. 2004లో అన్నా విశ్వవిద్యాలయంలో కాలేజీ రేడియో వచ్చింది, 2006 చివర్లో మనలాంటి రిజిస్టరైన సంఘాలకు కూడా తలుపు తెరిచారు. మూడేళ్లుగా పనిచేస్తున్న సంఘం అయితే అర్జీ పెట్టొచ్చు. కానీ ట్రాన్స్‌మిటర్ 100 వాట్లు, వినపడేది ఏ పది కిలోమీటర్లో. కార్యక్రమాల్లో సగమైనా ఇక్కడే తయారుచేయాలి. రోజూ కూర్చునేది ఎవరు? 2024 ఫిబ్రవరిలో సర్కారు ప్రకటన రేటు పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74 చేశారు, గంటకు 12 నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చన్నారు. కాయితం మీద లెక్క వేస్తే గంటకు 5,328 రూపాయలు. ఆ 12 నిమిషాలూ నిండితే కదా.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. దళిత ఆడవాళ్లు తమ యాసలో నడిపేది. స్టూడియో, సామాను యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే తయారు. లైసెన్సు వచ్చి గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. మధ్యలో పదేళ్లు వాళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. వాళ్లకు ఆ పదేళ్లూ తక్కువైంది డబ్బు కాదు, అనుమతి. గాలితరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా ఇవాళ్టికీ కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, వేస్తే ఆకాశవాణి వార్తలే వెయ్యాలి. మన బడిలో అయ్యవారి పోస్టు ఖాళీ అని చెప్తే అది వార్త, చెప్పకూడదు. అప్పుడు ఆ రేడియో మనకెందుకు? పైసా ఖర్చు లేకుండా సర్కారు చేయగల సాయం ఆ నిషేధం తియ్యడమే. ఎందుకు తియ్యరో నాకు అర్థం కాదు. సెల్‌ఫోనులో ఎవడైనా ఏదైనా చెప్పొచ్చు, ఊరి ఆడమనిషి మైకులో చెప్పకూడదా?

సొంత స్టేషన్ బదులు ఆకాశవాణినే అడుగుదాం. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. 1948 డిసెంబరులో బెజవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తాకూ సీమకూ తెలుగు రేడియో అంటే మద్రాసే. 1990 ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ వేర్వేరు భాషలకు తగినంత చోటివ్వాలనీ, మైనారిటీల ప్రత్యేక అవసరాలు చూడాలనీ రాసిపెట్టింది. దగ్గరి స్టేషన్లలో వారానికి ఒక అరగంట, ఈ జిల్లాల తెలుగువాళ్ల కోసం, ఈ జిల్లాల తెలుగులోనే. బెజవాడ తెలుగులో కాదు. మా అవ్వ మాట్లాడిన తెలుగు రేడియోలో నేను ఎప్పుడూ వినలేదు.

ఇంకొకటి మరిచిపోయేట్టున్నాను. జిల్లాలోగాని తాలూకాలోగాని 15 శాతం, ఆపైన మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నోటీసులు, నిబంధనలు అనువదించి ప్రకటించాలని భాషా మైనారిటీల రక్షణ ఒప్పందాల్లో ఎప్పుడో ఒప్పుకున్నారు. దాన్ని చూడ్డానికి రాజ్యాంగంలో 350బి కింద ఒక కమిషనరే ఉన్నాడు. వోటర్ల జాబితా, టీకాల శిబిరం, పన్ను గడువు, ఇవి తెలుగులో అచ్చు కావడం మన హక్కు. ఆ నోటీసు మన లేఖలో వేసి సర్కారు అచ్చుఖర్చు ఇస్తే పుచ్చుకుందాం, నాకు అభ్యంతరం లేదు. మంత్రిగారి బొమ్మతో నిండు పేజీ అభినందనలయితే వద్దు.

లేఖ ఖర్చు సంగతి: పోయిన సంచిక అచ్చుకు, పోస్టుకు కలిపి 4,100 అయింది. నూరుమంది నెలకు 50 రూపాయలిస్తే 5,000. ఇది అన్నగారితో కూర్చుని మాట్లాడతాను, ఆయన లెక్కల్లో నాకన్నా గట్టివారు, వేరే దారి కనిపిస్తే ఆయనే చెప్తారు.

గ్రంథాలయానికి అర్జీ తమిళంలో రాసి పెట్టాను. తిరువళ్లూరు జిల్లావాళ్లకు ఒకటి, రాణిపేట జిల్లావాళ్లకు ఒకటి, ఎందుకంటే ఉళ్లూర్ నూలగ ఆణైక్కుళు వేరేవేరు. ఆదివారం కూటానికి వచ్చేటప్పుడు ఈ ఏడు ఇంటిపన్ను రసీదు జిరాక్సు ఒకటి తెచ్చుకోండి, అర్జీ వెనకాల కుట్టాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గ్రంథాలయ సభ్యత్వం కార్డు తెచ్చినా సరిపోతుంది. కార్డు లేనివాళ్లు శనివారం పదింటికి గ్రంథాలయం దగ్గరికి రండి, ఫారం నేను నింపిపెడతాను.